ఓడిన మ్యాచ్‌కి కృతజ్ఞత కూడిక

ఇరవై రెండేళ్ల వయసులో నా విశ్వాసానికి హద్దు ఉండేది కాదు, తెలివికి మాత్రం ఉండేది. ఆ రోజుల్లో గుణదలలోని మా చిన్న క్రైస్తవ సంఘానికి నేను యూత్ సెక్రటరీని. రెండు వేల మూడు క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్ సరిగ్గా ఆదివారం పడింది. జబ్బు నయమైతేనో, ఉద్యోగం దొరికితేనో ఆరాధనలో ఆ మేలు గురించి సాక్ష్యం చెప్పి, ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టి అందరికీ భోజనం పెట్టడం మావాళ్ల ఆనవాయితీ. నేను ఫలితం దాకా ఆగలేదు. పొద్దున్నే సాక్ష్యాల సమయంలో లేచి, "ఈరోజు మనకు కప్పు ఇస్తున్నందుకు దేవునికి స్తోత్రం! రేపు సాయంత్రం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక, అందరూ రావాలి" అని ప్రకటించేశాను. (మా అమ్మకు ఆ సంగతి అందరితోపాటు అక్కడే తెలిసింది.) పాస్టరు అయ్యగారు నావైపు చూసి, "కాస్త తొందరేమో తమ్ముడూ" అన్నారు. "విశ్వాసమండీ అయ్యగారూ" అన్నాను. (ఆయన మాత్రం, ఆ రోజు ప్రసంగం పావుగంటలో ముగించి ఇంటిదారి పట్టారు.)

తర్వాత జరిగింది మీకూ తెలుసు. అవతలివాళ్లు బాదిన పరుగులకే నా స్తోత్రాల జోరు తగ్గింది. మనవాళ్ల బ్యాటింగ్ మధ్యలో చినుకులు పడితే, ఆట రద్దయి మర్నాడు మొదట్నుంచీ ఆడతారన్న ఆశతో, కర్మెలు కొండమీద వాన కోసం వేడుకున్న బైబిలు ప్రవక్తలా మోకాళ్ల మధ్య తలపెట్టి కుంభవృష్టి కోసం ప్రార్థించాను. ఉన్న చినుకులూ ఆగిపోయాయి. ఓడిపోయాం. కప్పు పోయిన బాధ సగమైతే, రేపు సంఘం ముందు ఏ మొహంతో నిలబడాలన్నది మిగతా సగం. ఈ యూత్ సెక్రటరీ మాట ఇక ఎవరు నమ్ముతారు?

సోమవారం పొద్దున, బిర్యానీ వండుతానన్న పక్కింటి చాచా గోడమీంచి తొంగిచూశాడు. "ఏం బాబూ, పొయ్యిమీదికి డేగిశా ఎక్కించనా, వద్దా?"

అమ్మే జవాబు చెప్పింది. "ఎక్కించండి భాయ్. వీడు పిలిచింది క్రికెట్ టీమునా? సంఘాన్ని! ఏ మొహంతో రావద్దంటాం?"

అందరూ వచ్చారు. పిలవనివాళ్లూ వచ్చారు. పాటలయ్యాక అయ్యగారు, "సాక్ష్యం చెప్పు తమ్ముడూ" అన్నారు. లేచాను. ఇంట్లో టీవీ లేని మామ్మ ఒకావిడ వెనకనుంచి, "ఇంతకీ గెలిచామా నాన్నా?" అంది.

"లేదు మామ్మా. ఓడిపోయాం."

"అయ్యో! మరి కృతజ్ఞత దేనికిరా?"

వంటింట్లోంచి బిర్యానీ వాసన. ఏం చెప్పాలో తెలియక, "ఓడినా స్తోత్రమే మామ్మా" అనేశాను. అంతే! "ఆమేన్" అన్న కేకకి రేకుల కప్పు అదిరింది. అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఆ రోజు నుంచి సంఘంలో నాకు గొప్ప విశ్వాసినన్న పేరొచ్చింది. ఎవరింట్లో కష్టమొచ్చినా, "ఓడినా స్తోత్రమన్న అబ్బాయిని పిలవండి, ప్రార్థన చేస్తాడు" అనేవారు. (అది బిర్యానీ వాసన మధ్య ఏమీ తోచక అనేసిన మాట అని ఎవరికీ చెప్పలేదు. ఇదిగో, మీకే మొదటిసారి.) తర్వాత నిజంగా ఓడిపోయిన రోజులు వచ్చాయి, క్రికెట్‌తో సంబంధం లేనివి. అప్పుడూ ఆ మాటే నోటికొచ్చింది, ఈసారి మనసులోంచి. దేవుడు నా తొందరపాటును కూడా వృథా పోనివ్వలేదని నా నమ్మకం. ఇప్పటికీ ఫైనల్ రోజున ప్రార్థిస్తాను. కాకపోతే భోజనాలకి పిలిచేది చివరి బంతి పడ్డాకే.