మా ఎల్పీకి అమ్మ పెట్టిన బొట్టు

మా బ్యాండులో ముగ్గురం. నేను బేస్ గిటార్ వాయిస్తాను. ఇక్కడ అమెరికాలో, చాండ్లర్‌లో నాతోపాటు కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో పనిచేసే వరంగల్ మిత్రుడు డ్రమ్స్ వాయిస్తాడు. ఇక్కడే పుట్టి పెరిగిన ఒక తెలుగమ్మాయి గిటార్ వాయిస్తూ పాడుతుంది. ముగ్గురికీ డెబ్బైల నాటి రాక్ అంటే పిచ్చి. ఆ రోజుల్లో అందరూ ఒకే గదిలో నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయించేవాళ్ళు. టేపు మీద ఎలా పడిందో అలాగే రికార్డు వేసేవాళ్ళు. ఇప్పుడు డ్రమ్ములు ఒక రోజు, గొంతు ఇంకో రోజు, ఆపైన తప్పులు దిద్దడానికి కంప్యూటరు. ఆ దిద్దుడంటే నాకు ఒళ్ళుమంట. పెళ్ళి ఆల్బంలో అందరి మొహాలకూ ఒకటే తెల్లరంగు పూసినట్టుంటుంది.

కాబట్టి పాత పద్ధతిలోనే ఒక ఎల్పీ, అంటే ముల్లు పెట్టి వినే పెద్ద నల్ల రికార్డు, చేయాలనుకున్నాం. మా గరాజులో రిహార్సల్స్ మొదలుపెట్టాం. ఏసీ మోత మైకుల్లోకి వస్తుందని కట్టేసేవాళ్ళం. అరిజోనా ఎండలో, తలుపు మూసిన గరాజులో, ఏసీ లేకుండా! మా ఆవిడ మజ్జిగ గ్లాసులు లోపల పెట్టి, మావైపు జాలిగా చూసి వెళ్ళిపోయేది. ఆరంభశూరులమని మా స్నేహితులు పందాలు కూడా వేసుకున్నారు. వాళ్ళు ఓడిపోవాలన్న పట్టుదల కూడా నాకు కొంత ఉంది, కాదనను.

అంతలో ఆ అమ్మాయికి థైరాయిడ్‌లో గడ్డ ఉందని తేలింది. ప్రాణానికి భయం లేదట. కానీ గొంతుకు సంబంధించిన నరం పక్కనే ఉంది కాబట్టి, ఆపరేషన్ తరువాత గొంతు మారవచ్చని డాక్టరు ముందే చెప్పారు. మామూలుగా మాట్లాడగలదు, పై స్థాయిలో పాడగలదని మాత్రం హామీ లేదు.

ఆ మాట చెప్పి ఆమె గిటారు శ్రుతి చేసుకోవడం మొదలుపెట్టింది. నేను వాయిదా వేద్దామన్నాను.

"నో అంకుల్. ఆపరేషన్‌కి ముందే రికార్డ్ చేద్దాం. ఇప్పుడు ఉన్న వాయిస్, ఎలా ఉందో అలాగే కావాలి నాకు. ఫిక్స్ చేయొద్దు ఏమీ."

నాకు నలభై దాటాయంతే, అయినా ఆమెకు నేను అంకుల్‌నే. ఆ రోజు దాని గురించి గొడవ పెట్టుకోలేదు.

టేపు మిషను ఉన్న చిన్న స్టూడియో ఒకటి వెతికి పట్టుకుని, ఒక శని ఆదివారాల్లో మొత్తం రికార్డు చేశాం. రెండోవైపు అంతా ఒకటే పెద్ద పాట. దాని చివర్లో గొంతు బాగా పైకి వెళ్ళాలి. వెళ్ళింది, వెళ్ళి అక్కడ చిన్నగా చీలింది. స్టూడియో అతను ఆ ఒక్క చోటూ కంప్యూటర్లో సరిచేస్తానన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. డ్రమ్మరు మాత్రం సరిచేయిస్తే బాగుండేదని ఇంటికి వచ్చేదాకా గునుస్తూనే ఉన్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకురా అని కసిరాను.

రికార్డులు అచ్చువేసే ఫ్యాక్టరీ వాళ్ళు ముందుగా నమూనా కాపీలు కొన్ని పంపుతారు. అవి విని సరేనంటేనే మిగతావి వేస్తారు. ఆ సమాధానం నమూనాలు అందిన మర్నాటికల్లా చెప్పకపోతే మా వరస వెనక్కి పోతుంది, ఈలోగా ఆపరేషన్ వచ్చేస్తుంది. ఆమెకు అది ఇష్టం లేదు. గొంతు తనదిగా ఉన్నప్పుడే, తన చెవులతో విని ఒప్పుకోవాలంటుంది. పోయిన దాన్ని తలుచుకుంటూ వినడం తనవల్ల కాదని తేల్చి చెప్పింది.

నమూనాల పార్సిలు మా ఇంటికి పంపించమన్నాం. కారణం, మా అమ్మ ఇండియా నుంచి వచ్చి మా దగ్గరే ఉంది, పగలంతా ఇంట్లోనే ఉంటుంది. ఈ ఎండలో గుమ్మం ముందు పార్సిలు కాసేపుంటే చాలు, రికార్డులు అప్పడాల్లా వంకర తిరుగుతాయి. వచ్చిన వెంటనే లోపల పెట్టమని అమ్మకు మరీ మరీ చెప్పి ఆఫీసుకు వెళ్ళాను.

సాయంత్రం ముగ్గురం హాల్లో కూర్చున్నాం. మొదటి పాట వాయిద్యాలేమీ లేకుండా ఒక్క ఆమె గొంతుతో మొదలవుతుంది. ముల్లు పెట్టాను. టప్, టప్, గర్‌ర్‌. ఆ చప్పుడు కింద ఎక్కడో ఆమె గొంతు. ఇంకో కాపీ పెట్టాను. అదే గోల. తిప్పి రెండోవైపు వేశాను. అక్కడా అంతే.

"ఏంది భయ్ గీ గరగర? మాల్ ఖరాబున్నది. రిజెక్ట్ కొట్టుడే" అన్నాడు డ్రమ్మరు.

ఆమె మోకాళ్ళు దగ్గరకు లాక్కుని కూర్చుంది. రిజెక్ట్ చేస్తే మళ్ళీ ఎప్పుడొస్తాయో మా ముగ్గురికీ తెలుసు. నాకు ఫ్యాక్టరీవాళ్ళ మీద పట్టరాని కోపం వచ్చింది. వాళ్ళకు పంపడానికి ఫొటో తీద్దామని రికార్డును దీపం కిందికి తీసుకెళ్ళాను. అంచున పచ్చగా, గుండ్రంగా ఒక మరక ఉంది, మధ్యలో ఎర్రటి చుక్క.

"అమ్మా!"

అమ్మ వంటింట్లోంచి తాపీగా వచ్చింది. "ఎండకి కరిగాయేమోనని తీసి చూశాన్రా. బానే ఉన్నాయి. కొత్త వస్తువు ఇంటికొస్తే బొట్టు పెట్టకుండా వాడతారేంటి?"

"అన్నిటికీ పెట్టావా?"

"ఒకదానికి పెట్టి ఊరుకుంటే మిగతావి ఏం పాపం చేశాయి? రెండువైపులా పెట్టాను. అయినా అంచున కదరా పెట్టింది! పాటలు మధ్యలో కదా ఉంటాయి?"

ముల్లు అంచు నుంచే మొదలవుతుందని చెప్పాను. కాస్త గట్టిగానే చెప్పాను. అమ్మ మొహం చిన్నబోయింది. ఆపరేషన్ సంగతి తనకూ తెలుసు. ఆ అమ్మాయి వైపు ఒకసారి చూసి, గదిలోకి వెళ్ళి, తన నేతచీర ఒకటి తెచ్చి మా ముందే కొంగు చింపింది.

"ఉతికి ఉతికి మెత్తబడిందమ్మా. దీంతో తుడు, గీత పడదు."

"బామ్మా, శారీ మొత్తం వేస్ట్ అయింది కదా!"

"చీరదేముంది, షాపుల్లో బోలెడు. నీ గొంతు దొరుకుతుందా?"

ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. సింకు దగ్గర నలుగురం చేరాం. గోరువెచ్చని నీళ్ళు, ఒక చుక్క సబ్బు, చీర ముక్క. పసుపు అంత తేలిగ్గా వదులుతుందా! గాడి వెంబడి ఓపిగ్గా, మళ్ళీ మళ్ళీ తుడిచాం. కాపీ మొత్తం శుభ్రమైందని డ్రమ్మరు రెండుసార్లు అన్నాడు, అమ్మ రెండుసార్లూ కాదంది. ఫ్యాను కింద ఆరబెట్టి మళ్ళీ ముల్లు పెట్టాను.

ఈసారి గొంతొక్కటే వచ్చింది. చిన్న చప్పుడు కూడా లేదు.

ఆమె రెండువైపులా కదలకుండా వింది. చివరి పాటలో గొంతు చీలిన చోట డ్రమ్మరు తలదించుకున్నాడు. ఆమె మాత్రం తల ఎత్తింది. ముల్లు పైకి లేవగానే, "ఓకే అని మెయిల్ పెట్టండి అంకుల్" అంది. పెట్టాను.

ఆపరేషన్ బాగా జరిగింది. మాట వచ్చింది. కానీ డాక్టరు భయపడిందే అయింది. గొంతు కిందికి దిగింది, కొంచెం గాలి కలిసింది. పైకి వెళ్ళబోతే మధ్యలోనే ఆగిపోతోంది. నెలల తరబడి కసరత్తులు చేసింది. నేను చూస్తూనే ఉన్నాను. చాలా బాధపడ్డాను, ఆమె ముందు మాత్రం ఎప్పుడూ బయటపడలేదు.

రికార్డులు అచ్చయి వచ్చాక, ఊళ్ళో పాత రికార్డులమ్మే షాపువాళ్ళు ఒక శనివారం మధ్యాహ్నం మమ్మల్ని వాయించమన్నారు. అరలు పక్కకు జరిపి చోటిచ్చారు. పెద్ద పాట వదిలేద్దామని నేనూ డ్రమ్మరూ ముందే అనుకుని, ఆ మాట నేనే చెప్పాను. ఆమె వినిపించుకోకుండా తీగలు వదులు చేస్తోంది. నన్నూ నా శ్రుతి దించమంది.

"పైన పార్ట్ ఎలా మరి?" అన్నాను.

"రికార్డ్‌లో ఉన్న అమ్మాయి పాడేసింది అంకుల్, తన పని అయిపోయింది. ఇప్పుడు నా టర్న్."

మా వెనక గోడకు ఆ రికార్డు అట్టలు వరసగా పెట్టి ఉన్నాయి. జనం అప్పటికే కాపీలు చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు. ఆమె మైకు దగ్గరకు జరిగి, డ్రమ్మరు వైపు చూసి తలూపి, ఆ కింది గొంతుతోనే మొదలుపెట్టింది.