మూడో క్రేన్ బ్రేక్ వదలని సాయంత్రం

2020 ఫిబ్రవరిలో మా కంపెనీ నన్ను దుబాయ్‌లోని అల్ కుసైస్ నుంచి తీసి అబుధాబికి వేసింది. ఊరి బయట కడుతున్న ఒక ఆస్పత్రి పని. నా ఉద్యోగం టవర్ క్రేన్ ఆపరేటర్. ఇరవై ఏళ్లకు పైగా అదే చేశాను. అరవై దాటాక వీసా మళ్లీ కొట్టేది లేదు, ఖలాస్, ఇక చాలు అన్నారు, ఇప్పుడు జగిత్యాల దగ్గర మా ఊళ్లో ఉంటున్నాను.

మా ఊళ్లో నన్ను అడిగేది ఒకటే. "ఎ.సి.ల కూసొని బటన్లు ఒత్తుడే గద గంగారాం, నీకేం కష్టమే?" అంటారు. ఆ మాట అన్నవాణ్ని ఒక్క పొద్దు ఆ నిచ్చెన ఎక్కించాలనిపిస్తుంది. క్రేన్ స్తంభం లోపల ఇనుప నిచ్చెన ఉంటుంది. పొద్దున ఎక్కితే సాయంత్రం దాకా దిగేది ఉండదు. పైన ఒక్క మనిషి పట్టే అద్దాల గది, దాన్ని క్యాబిన్ అంటాం. టిఫిన్ డబ్బా, నీళ్లు, ఇంకొక ఖాళీ సీసా. ఆ ఖాళీ సీసా ఎందుకో అడగొద్దు. ఇక మనిషి గొంతు అంటే కింద నిలబడి సైగ చేసే సిగ్నల్‌మన్‌దే. వాకీటాకీలో "ఊపర్, నీచే, ధీరే, బస్" అంటాడు. పైకి, కిందికి, మెల్లగా, చాలు. పొద్దంతా ఆ నాలుగు మాటలే. సాయంత్రం కిందికి వచ్చి ఎవరితోనన్నా మాట్లాడబోతే గొంతు పట్టేసినట్టు ఉండేది.

ఆ సైట్‌లో మూడు క్రేన్లు ఉండేవి. అన్నిటికంటే పొట్టిది నాది. రెండోది సత్తిబాబుది, అమలాపురం వైపు మనిషి. మూడోది అన్నిటికంటే ఎత్తు, దాని మీద మల్లేష్ ఉండేవాడు, మెట్‌పల్లి దగ్గరి పల్లె. వయసులో నా కంటే చాలా చిన్నవాడు. మూడు క్రేన్లు మూడు కంపెనీలవి. క్రేన్‌తో పాటే ఆపరేటర్‌నూ అద్దెకిస్తారు. అందుకే మా క్యాంపులు కూడా వేరు. నాది మఫ్రఖ్, మల్లేష్‌దీ మఫ్రఖే గానీ వేరే కంపెనీ క్యాంపు. సత్తిబాబుది ముసఫ్ఫా. నేను చేరిన కొన్నాళ్లకే కరోనా వచ్చి క్యాంపు గేట్లు మూశారు. గేటు నుంచి బస్సు, బస్సు నుంచి సైటు, మళ్లీ అదే దారి. అదీ మొదటినుంచీ ఎవరి బస్సు వారిది, ఎవరి గేటు వారిది. ముగ్గురం రోజూ ఎదురెదురుగా గాలిలో కూర్చునేవాళ్లం గానీ ఒకరి మొహం ఒకరం చూడలేదు. అద్దంలోంచి కనిపించేది చొక్కా రంగే.

గొంతులు మాత్రం బాగా తెలుసు. మధ్యాహ్నం కింద అందరూ తిండికి పోయాక, మేం ముగ్గురం వాకీటాకీలో ఎవరూ వాడని ఒక ఛానల్‌కు మారేవాళ్లం. పని వేళలో అలా చేస్తే ఉద్యోగం పోతుంది. తిండి వేళలో ఎవరూ పట్టించుకోరు. రోజుకొకరు తమ సంగతి చెప్పాలని ఒప్పందం. సత్తిబాబు భార్య కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేసేది. "మా పెళ్లయ్యి పద్దెనిమిదేళ్లండి, కాపరం కలిపి చూస్తే రెండేళ్లుంటదేమోనండి, ఆయ్" అని నవ్వుతూనే చెప్పాడు. ఆ 'ఆయ్' పట్టుకుని మల్లేష్ అతన్ని రోజూ ఆటపట్టించేవాడు. ఎవరి ఫోన్‌లో బ్యాలెన్స్ అయిపోతే మిగతావాళ్లు రీఛార్జ్ కార్డు గీకి నంబరు రేడియోలో చదివేవాళ్లం. సత్తిబాబును క్వారంటైన్‌లో పెట్టినప్పుడు, మా ఇద్దరి సిగ్నల్‌మన్లను పట్టుకుని, వాళ్ల చేతా వీళ్ల చేతా అతని గదికి పచ్చడి సీసా చేర్పించాడు మల్లేష్. సోపతి అంటే మాకు అంతే. అయినా ఆ గంట సేపు లేకపోతే ఆ రోజుల్లో నాకు పిచ్చి లేచేది.

ఇక్కడ పని పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే తరువాత జరిగింది అర్థం కాదు. క్రేన్ చెయ్యిని, అంటే పైన అడ్డంగా చాచి ఉండే పొడుగాటి దూలాన్ని, పక్కలకు తిరగనివ్వకుండా ఆపేది ఒక బ్రేక్. పని ముగిశాక దాన్ని బిగించిపోవాలని అందరూ అనుకుంటారు. అది తప్పు. వదిలిపెట్టాలి. అప్పుడే గాలి ఎటు తోస్తే చెయ్యి అటు తిరిగిపోతుంది. బిగిస్తే గాలి బలమంతా స్తంభం మీద పడి, పెద్ద గాలైతే క్రేనే కూలొచ్చు. కానీ వదిలే ముందు హుక్‌ను పూర్తిగా పైకి లాగాలి. ఎందుకంటే మా మూడు క్రేన్ల చేతులూ ఒకదాని కింద ఒకటి తిరుగుతాయి. ఎత్తు క్రేన్ హుక్ తాడు కిందికి వేలాడుతుంటే, పొట్టి క్రేన్ చెయ్యి తిరిగి తిరిగి దానికే తగులుతుంది. రూలు ప్రకారం ఎవరి హుక్ వాళ్లు చూసుకుంటే చాలు. మేం ముగ్గురం ఇంకో కట్టుబాటు పెట్టుకున్నాం. ప్రతివాడూ రేడియోలో "హుక్ పైన" అనాలి. మూడు నోళ్లూ అనేదాకా ఎవడూ బ్రేక్ వదలొద్దు, ఎవడూ దిగొద్దు. ఇది ఏ ఇంజనీరూ చెప్పింది కాదు.

మే నెలలో ఒక రోజు. తిండి వేళ వంతు మల్లేష్‌ది. తన భార్య రాజవ్వ గురించి చెప్పాడు. బీడీలు చుట్టడంలో ఆమె చెయ్యి ఊళ్లో అందరికంటే జోరట. పెళ్లయిన కొత్తలో ఈయన సాయం చేస్తానని ఒక కట్ట చుడితే, కార్ఖానలో అవన్నీ తిప్పికొట్టారట. "నువ్వు దుబాయే పో, బీడీలు ఖరాబు చెయ్యకు" అందట. మొదటిసారి ఈయన దుబాయ్ బయలుదేరిన రోజు ఆమె బస్సు దాకా రాలేదు. బీడీలు అప్పజెప్పాలె, పొద్దుపోతె తీసుకోరు, నువ్వేమన్న చిన్న పోరనివా అని గంప ఎత్తుకుని అటు పోయిందట. మేమిద్దరం పగలబడి నవ్వాం. "మంచి ఆవిడే దొరికిందండి మీకు" అన్నాడు సత్తిబాబు. "దొరికిందే" అన్నాడు మల్లేష్. తరువాత ఎప్పటిలాగే పనిలోకి దిగాం. ఆ మధ్యాహ్నం అతను ఎత్తిన బరువు ఒక్కటి కూడా ఊగలేదు. అంత నెమ్మదిగా చేశాడు.

పొద్దు వాలుతుండగా గాలి లేచింది. దుమ్ముతో ఎదుటి కట్టడం కనబడడం మానేసింది. లిఫ్టింగ్ ఫోర్‌మన్ ఖాన్ అని పెషావర్ వైపు మనిషి, క్రేన్లన్నీ అతని కిందే. పని ఆపమని ముందే కేక పెట్టాడు. నేను హుక్ లాగి "హుక్ పైన" అన్నాను. "నాదీ పైనేనండి" అన్నాడు సత్తిబాబు. మల్లేష్ పలకలేదు. తలెత్తి చూస్తే అతని హుక్ సగం దాకా వేలాడుతోంది. తాడు సరిగ్గా నా చెయ్యి తిరిగే దారిలో ఉంది. నేను బ్రేక్ వదిలితే ఆ తాడుకు తగులుతుంది. వదలకపోతే గాలి నా స్తంభాన్ని తోస్తుంది. క్యాబిన్ అప్పటికే మూలుగుతోంది. మల్లేష్‌ను ఖాన్ పిలుస్తున్నాడు, అతని సిగ్నల్‌మన్ పిలుస్తున్నాడు.

మా తిండి ఛానల్‌కు మార్చాను. అక్కడ ఉన్నాడు. బటన్ నొక్కి పట్టుకుని ఉన్నాడు. వాకీటాకీలో ఒకడు బటన్ నొక్కి ఉంచితే మిగతావాళ్ల మాట పోదు, వినడమే. అతని ఊపిరి వినబడుతోంది. దాని వెనక గాలి హోరు. మూసిన క్యాబిన్‌లో అంత హోరు రాదు. తలుపు తీశాడని అర్థమయ్యింది.

ఎంతసేపటికో బటన్ వదిలాడు. "మల్లేష్, ఏమైందిరా?" అన్నాను.

"అన్నా, రాజవ్వ పోయింది."

జ్వరం వచ్చి దవాఖానలో వేశారట. పొద్దున్నే పోయిందట. మధ్యాహ్నం మరి ఆమె సంగతి అంతా చెప్పావు గదరా అన్నాను.

"అప్పటికే పోయింది. ఆమె ఎట్లుండెనో మీకైన ఎర్కుండాలని చెప్పిన" అన్నాడు. "ఇప్పుడు కాష్టం పేరుస్తుండ్రు. ఫోన్ల సూస్తున్న. కొరివి నేను పెట్టాలె, నా తమ్ముడు పెడుతుండు."

విమానాలు లేవు. ఉన్నా అందేది కాదు. కిందికి రమ్మన్నాను. "వచ్చి ఏడికి పోవాలె? రూంల ఎనిమిది మంది, ఒక్కనికి మన మాట రాదు. తలుపేసుకొని ఏడ్వనీకి జాగ లేదు. ఇంక దేనికి దిగాలె అన్నా" అన్నాడు.

ఆ చివరి మాట వినగానే తెరిచిన ఆ తలుపు మీదికే నా ఆలోచన పోయింది. సత్తిబాబు అందుకున్నాడు. అతనిది మెత్తటి మనసు. "అలాగనకండి మల్లేష్ గారూ, దేవుడున్నాడండి, ధైర్యం తెచ్చుకోండి" అని మొదలుపెట్టాడు. అతను చెబుతూనే ఉన్నాడు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో నాకే తెలియదు. "నువ్వు జర ఊకో సత్తిబాబు" అన్నాను. పని ఛానల్‌కు మార్చి చూస్తే ఖాన్, బస్సులు పోతున్నాయి, పోలీసులను పిలవమంటారా అని అరుస్తున్నాడు. సంగతి చెప్పి, "ఖాన్ భాయ్, థోడీ దేర్ చుప్ రహో" అన్నాను. నా పైవాణ్ని కాసేపు నోరు మూసుకోమనడం అదే మొదలు, అదే చివర. అతను నిజంగానే ఊరుకున్నాడు. అందరినీ దూరం తోలి, తానొక్కడే వెళ్లి ఆ క్రేన్ మొదట్లో నిచ్చెన దగ్గర నిలబడ్డాడు.

మళ్లీ మా ఛానల్‌కు వచ్చాను గానీ, ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. ఓదార్చడం నాకు చేతకాదు, మా ఇంట్లోనూ ఎప్పుడూ చేతకాలేదు. నోటికి పని మాటలే వచ్చాయి.

"మల్లేష్, గాలి మీటర్ ఎంత సూపెడుతుంది?"

రెండోసారి అడిగాను. తరువాత అంకె చెప్పాడు. వినబడింది గానీ, వినబడలేదన్నాను. "గాలి చప్పుడు. తలుపు మూసి చెప్పు." హోరు తగ్గింది. అంకె మళ్లీ చెప్పాడు.

"హుక్‌కు బరువుందా?"

"లేదు."

"నీ తాడు నా దారిల ఉంది తమ్మీ. నేను బ్రేక్ వదల్లేను. సత్తిబాబూ వదల్లేడు."

"మీరింక పైననే ఉన్నరా?" అన్నాడు. గొంతు మారింది. మేం దిగిపోయి కింది నుంచి మాట్లాడుతున్నామని అనుకున్నాడట.

"యాడికి పోతమురా? నువ్వు 'హుక్ పైన' అనలేదు గద" అన్నాను.

అతను ఏడ్చాడు. బటన్ నొక్కి పెట్టే ఏడ్చాడు, మేమిద్దరం విన్నాం. నా క్యాబిన్ ఊగుతోంది. తొందరగా కానియ్యమని నాలుక చివరి దాకా వచ్చింది. అనలేదు. కాసేపటికి దుమ్ములో ఆ తాడు కదలడం కనబడింది. హుక్ పైకి వెళ్లింది, హుక్‌ను మోసే ట్రాలీ స్తంభం దగ్గరికి వచ్చింది. "హుక్ పైన" అన్నాడు. వెంటనే సత్తిబాబు అన్నాడు, నేను అన్నాను. ముగ్గురం బ్రేకులు వదిలాం. మూడు చేతులూ కలిసి గాలి వాటుకు మెల్లగా తిరిగాయి. నా స్తంభం మూలుగు ఆగింది.

దిగేటప్పుడు మధ్యమధ్యలో నిలబడే చిన్న ఇనుప పలకలుంటాయి. ప్రతి పలక మీదా ఆగి పలకమని చెప్పాను. ఏడుస్తూ నిచ్చెన దిగేవాడి చెయ్యి జారుతుంది. "ఆగిన అన్నా" అనేవాడు. "నేనూ ఆగిన" అనేవాణ్ని. "నేనూ ఆగానండి" అనేవాడు సత్తిబాబు. అలా కిందికి వచ్చాం.

కింద మొదటిసారి ముగ్గురం ఎదురుపడ్డాం. మల్లేష్ గొంతు విని పొడుగాటి మనిషి అనుకుని ఉన్నాను. చూస్తే బక్కగా, నా భుజం దాకా ఉన్నాడు. మూతికి మాస్కు, కళ్లు ఎర్రగా. మా ఇద్దరిలో ఎవరు ఎవరో తెలియక అటూ ఇటూ చూశాడు. "నేనండి, సత్తిబాబుని" అని అతనే చెప్పాడు. దగ్గరికి పోబోతే సెక్యూరిటీవాడు దూరం దూరం అన్నాడు. భుజం మీద చెయ్యి కూడా వెయ్యలేదు. మా బస్సులు పోయాయి గానీ, ఖాన్ పికప్‌లు తెప్పించాడు, కంపెనీకొకటి. చెయ్యెత్తి ఎవరి బండి వాళ్లం ఎక్కాం.

మర్నాడు మల్లేష్‌ను క్రేన్ ఎక్కనివ్వలేదు. మనసు కుదురుగా లేనివాణ్ని ఎక్కించకూడదని రూలు. రూలు సరైనదే. కానీ గేటు మూసిన క్యాంపులో పని కూడా లేకుండా ఆ గదిలోనే కూర్చున్నాడు, ఎక్కడ ఏడ్వనీకి జాగ లేదన్నాడో ఆ గదిలోనే. రోజూ ఫోన్ చేసేవాణ్ని. మొదట్లో రెండు మాటలు మాట్లాడేవాడు. తరువాత ఎత్తడం మానేశాడు. విమానాలు మొదలయ్యాక ఊరికి పంపించారని అతని కంపెనీవాళ్ల ద్వారా తెలిసింది. మూడో క్రేన్‌కు ఫిలిప్పీన్స్ నుంచి ఒకతను వచ్చాడు, మంచివాడే. శీతాకాలానికి సత్తిబాబు క్రేన్ విప్పి దూరాన ఉన్న రువైస్‌కు పంపారు, అతనూ దానితోనే పోయాడు. తిండి వేళలో అలవాటుగా ఆ ఛానల్ పెట్టి కూర్చునేవాణ్ని. ఏమీ వచ్చేది కాదు. డబ్బా తెరిచి తినేవాణ్ని.

ఈ సంగతి వల్ల నేను నేర్చుకున్నది చెబుతాను, ఈ పనిలోకి వచ్చేవాళ్లకు పనికొస్తుంది. పైన ఉన్న మనిషి మనసు చెదిరితే ధైర్యం చెప్పొద్దు. అతని చేతికి అలవాటైన పని ఏదో అది అడగండి. మీటర్ చదవమనండి, హుక్ లాగమనండి. అతని కోసం ఆగి ఉన్నారన్న సంగతి అతనికి తెలియనివ్వండి. అంతవరకు చేస్తే మనిషి కిందికి వస్తాడు. కిందికి వచ్చాక ఏం చెయ్యాలో మాత్రం నాకు తెలియదు. మల్లేష్ వాళ్ల మెట్‌పల్లి మా ఊరికి ఎంతో దూరం లేదు, బస్సు ఉంది. ఇప్పటిదాకా పోలేదు.