ఇంక్యుబేటర్ గదిలో సాంబ్రాణి వాసన

దయ్యాలు, గాలి, ధూళి నేను నమ్మనంటే నమ్మను. ఇప్పుడు నమ్ముతున్నానని చెప్పడానికీ ఇది రాయడం లేదు. ప్రొద్దుటూరులో మా అమ్మ దిష్టి తీస్తానని మిరపకాయలు పట్టుకొస్తే, "ఆ కాయలతో పచ్చడన్నా చెయ్ మా" అనే రకం నేను. నాకు అనుమానమంతా మనుషుల మీదే. ఎవరేం చేసినా ఎందుకు చేసినారో తెలిసేదాకా నిద్రపట్టదు. ఆ పాడు గుణమే ఇంత చేసింది.

పులివెందుల దగ్గర ఒక ప్రైవేటు ల్యాబులో పని నాది. ఆవుల పిండాలు పెంచుతాం. మంచి జాతి ఆవు నుంచి సూదితో అండాలు తీసి, డిష్‌లో వీర్యంతో కలిపి, ఇంక్యుబేటర్ అనే వెచ్చటి పెట్టెలో ఏడు రోజులు ఉంచుతాం. ఏడో రోజుకు నిలిచినవాటిని మామూలు ఆవుల కడుపులో పెడతాం. ఏ డిష్ ఏ ఆవుదో తెలియడానికి మూత మీద నంబరు రాస్తాం.

పిండాలకు వాసనలు పడవు. అత్తరు, పౌడరు, అగరబత్తి, ఏదీ లోపలికి రాకూడదు. పెళ్ళైన కొత్తలో కూడా నేను తలలో పూలు లేకుండానే పనికి పోయినాను. మా అత్త ఎంత గొణిగిందో నాకే తెలుసు.

ఆవుల కొట్టం చూసేది పుల్లన్న. మైలవరం పక్క పల్లె, తాతల నాటి నుంచి గొడ్లు మేపిన ఇల్లు. రోజూ సాయంత్రం కొట్టంలో సాంబ్రాణి పొగ వేసేవాడు, దోమలకూ దిష్టికీ కలిపి. కొట్టం ల్యాబుకు శానా దూరం కాబట్టి ఎవరూ వద్దనలేదు. పద్నాలుగో నంబరు ఆవంటే ఆయనకు ప్రాణం. దాన్ని మేము నంబరుతో పిలిస్తే ఆయన ఎర్రమ్మ అనేవాడు.

ఒకరోజు పొద్దున పదకొండు గంటలప్పుడు ఇంక్యుబేటర్ గదిలో సాంబ్రాణి వాసన వచ్చింది. లోపల ఉన్నది నేనూ సునీతా. సునీత నా కింద పనిచేసే పిల్ల, జమ్మలమడుగు. వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు, ఇంట్లో సాంబ్రాణి ముట్టించిందే లేదు. ముందు అడిగింది ఆ పిల్లే, "అక్కా, ఏంది ఈ పొగ వాసన?" అని. ఐదు నిమిషాలు ఉండి ఆ వాసన పోయింది.

ఆ వారం ఎనిమిది ఆవుల డిష్‌లు ఉంటే, ఏడింటిలో పిండాలు పెరగడం ఆగిపోయినాయి. పద్నాలుగో నంబరువి మాత్రం నిక్షేపంగా పెరిగినాయి. ఒకే పెట్టె, ఒకే అర, పక్కపక్క డిష్‌లు.

గాలి ఫిల్టర్లు విప్పి చూసినాం. గ్యాస్ సిలిండర్ మార్చినాం. తర్వాతి బ్యాచ్‌లో మళ్ళీ అదే వాసన, మళ్ళీ పద్నాలుగు తప్ప అన్నీ పోయినాయి. మూడోసారి ఇట్లే అయితే ల్యాబు మూసి అందరినీ ఇంటికి పంపిస్తానని డైరెక్టర్ సార్ తేల్చి చెప్పినాడు.

నా బుర్ర పుల్లన్న చుట్టే తిరిగింది. సాంబ్రాణి ఆయనదే, బతికిన పిండాలు ఆయన ముద్దుల ఆవువే. ఒకసారి ల్యాబు కిటికీ కింద నిలబడి ఉండగా కూడా చూసినాను. నిజానికి ఆ తలుపు నా వేలిముద్రకూ సునీత వేలిముద్రకూ తప్ప తెరుచుకోదు. కెమెరాలోనూ ఆయన కనపడలేదు. అయినా, ఏదో మాయ చేస్తాండాడు ఈ మనిషి అని మనసులో గట్టిగా కూర్చుంది. మూడో బ్యాచ్‌కు సోమవారం అండాలు తీసినాం. బుధవారం కాగితం మీద ఆయన పేరు రాసి సార్ చేతికిచ్చినాను. ఆ సాయంత్రమే ఆయన్ని పంపించేసినారు.

పోయేముందు నా దగ్గరికి వచ్చినాడు. "నేను లోపలికి యాడ వస్తానమ్మా? ఆ తలుపు ఎట్లా తెరుస్తారో కూడా నాకు తెల్దు" అన్నాడు. నేను ముఖం తిప్పుకున్నాను.

శనివారం పదకొండు గంటలకు వాసన వచ్చింది.

కొట్టంలో పొగ వేసేవాళ్ళే లేరు అప్పటికి. సునీత గోడకు అతుక్కుపోయింది. నేను బయటికి పరిగెత్తి కిటికీ కింద చూసినాను, గేటులో అడిగినాను. ఎవరూ రాలేదు. అప్పటికీ అనుమానం చావక పుల్లన్న కోడలికి వీడియో కాల్ చేసి, ఆయన్ని చూపించమన్నాను. మైలవరంలో ఇంటిముందు మంచం మీద కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి, పని మీద పిలుస్తాండారేమోనని గబుక్కున లేచి నిలబడినాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఏడో రోజు చూస్తే ఏడు ఆవుల పిండాలు బాగున్నాయి. పద్నాలుగో నంబరువి ఒక్కటీ మిగల్లేదు. ఆయన పోయినాడని ఆవు బెంగపెట్టుకుందేమో అనుకుందామంటే, అండాలు తీసిన రోజు ఆయన ఇక్కడే ఉన్నాడు. పొగే చంపుతుందనుకుంటే, ఈసారి మిగతావి ఎట్లా బతికినట్టు?

ల్యాబు నిలబడింది. ఆ తర్వాత ఆ వాసన మళ్ళీ రాలేదు. సార్ మాత్రం, పుల్లన్న పోయినాడు, పీడ వదిలింది అన్నాడు.

నేను ఇంకో కాగితం రాసినాను, పుల్లన్న తప్పు లేదు, ఆయన లేనప్పుడు కూడా వాసన వచ్చింది అని. సునీతను సంతకం పెట్టమంటే, "నన్నూ పిచ్చిదంటారక్కా" అని ఏడ్చింది. సార్ చదివి కాగితం నాకే తిరిగి ఇచ్చేసినాడు. "మరి యాడనుంచి వచ్చింది? కారణం రాసి తీసుకురా, అప్పుడు ఆయన్ని పిలుస్తా" అన్నాడు.

మూడు నెలలైంది. ఫిల్టర్ అని రాద్దామంటే ఫిల్టర్ కాదు. మనిషి అని రాద్దామంటే ఇంకొకరి పొట్ట కొట్టినట్టవుతుంది. నిజం చెప్పాలంటే నాకు తెలియదు, తెలియదని రాస్తే సార్ ఒప్పుకోడు.

మొన్న మైలవరం పోయినాను. పుల్లన్న డ్యాం కాడ చేపల బుట్టలు మోస్తాండాడు. నీ తప్పు లేదని తెలిసింది మామా, నన్ను క్షమించు అని అక్కడే ఏడ్చేసినాను. ఆయన బుట్ట దించి, తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. కోపం లేదు ముఖంలో.

"సార్‌కు చెప్పినావామ్మా?" అన్నాడు.

చెప్పినాను అన్నాను.

"మరి ఎప్పుడు రమ్మన్నాడు?"