రెండు లాప్‌టాప్‌లు, ఒక గుడ్డముక్క

మా తమ్ముడు ఇంట్లో కూర్చుని పని చేసుకుంటే బతుకుతాడని ఆ లాప్‌టాప్ కొన్నాం.

వాడు సూరత్‌లో చీరల డిజైనర్. బాడీ, బార్డర్, కొంగు కంప్యూటర్ మీద గీసి ప్రింటింగ్ మిల్లులకు ఇచ్చేవాడు. వాళ్ళ ఆఫీసు కిటికీలు తెరవని ఏసీ గది. కరోనా రెండో వేవ్ వచ్చిన ఆ ఎండాకాలం, పక్క కుర్చీలో కూర్చునే మనిషి ఒక రోజు రాలేదు. తర్వాత ఇక రాలేదు. సొంత కంప్యూటరు ఉన్నవాళ్ళు ఇంటి నుంచి చేసుకోవచ్చని ఆఫీసు యజమాని సేఠ్ అన్నాడు. ఆ సాయంత్రమే లాప్‌టాప్ మాట మొదలైంది.

అమ్మానాన్నలు పోయాక ఉధ్నా పేటలోని అద్దె ఇంట్లో మేమిద్దరమే. మా ఊరి నుంచి వలస వచ్చిన నాన్న నడిపిన సాంచెలు, అంటే మరమగ్గాలు, మా వీధి వెనకే ఉండేవి. వాటి మోతలోనే చదువుకున్నాం, నిద్రపోయాం. ఆ రోజుల్లో అవి ఒక్కొక్కటే ఆగిపోయాయి. మోత తగ్గినకొద్దీ పెద్ద రోడ్డు మీది అంబులెన్సులు ఇంట్లోకి వినిపించసాగాయి.

విడిగా గ్రాఫిక్స్ కార్డున్న లాప్‌టాప్ కొనే స్తోమత మాకు లేదు. ప్రాసెసర్‌లోనే కలిసి వచ్చే గ్రాఫిక్స్‌తో సర్దుకోవాలి. దానికి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌లోంచే వాడుకుంటుంది; ర్యామ్ రెండు ముక్కలుగా ఉంటే రెండు దారుల్లో వేగంగా అందుతుంది. వెతికి వెతికి వాడు రెండు మోడళ్ళ దగ్గర ఆగాడు. ఒకదానిలో కొత్త తరం గ్రాఫిక్స్, కానీ ర్యామ్ ఒక్కటే ముక్క. రెండోదానిలో పాత తరం, కానీ ర్యామ్ రెండు ముక్కలు. అన్నం తింటున్నా ఫోన్లో ఆ పోలికల వీడియోలే.

“పిల్లను గిట్ల జూస్తే ఈపాటికి పెండ్లయ్యేది గదరా,” అన్నాను.

“పిల్లలకు రివ్యూలు ఉండయి గదా అక్కా.”

“ఏదో ఒకటి ఆన్‌లైన్ల తెప్పియ్యరాదు? బయటికి పోవుడెందుకు?”

“వీడియోలల్ల అందరు గేములాడి చూపిస్తరు. నా చీర తెరిచి ఎవడు చూపిస్తడు?”

ఇద్దరం షాపుకు వెళ్ళాం.

షాపులు తెరవొద్దన్న రోజులు, షట్టర్ నడుము దాకా దింపి ఉంది. వంగి లోపలికి పోగానే మా వెనక పూర్తిగా దింపేశారు. ఫ్యాను లేదు. షాపతని మాస్కు గడ్డం కింద ఉంది. “జల్దీ భాయ్, పోలీసులు తిరుగుతున్నరు,” అని హిందీలో తొందరపెట్టాడు.

తమ్ముడు పెన్‌డ్రైవ్ పెట్టి తన పెద్ద ఫైలును రెండింటిలో తెరిచాడు. కొత్త తరం దానిలో కొంగును దగ్గరికి లాగితే పువ్వులు ఒక్కక్షణం మసకగా నిలిచి, తర్వాత తేటపడ్డాయి. రెండోదానిలో వెంటనే కదిలాయి.

“చూసినవా అక్కా? చిప్ కొత్తదే గని ఒక్క ర్యామ్‌తోని ఏం జేస్తది? ఒక్క చేత్తోని నాలుగు సాంచెలు నడిపినట్టున్నది.”

షాపతను నవ్వాడు. ఏం అర్థమైందో తెలియదు. ఆ నవ్వు దగ్గులోకి మారింది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. తమ్ముడు వేయలేదు. స్క్రీన్ ఎరుపు సరిగ్గా చూపిస్తుందో లేదో చూడాలని జేబులోంచి ఒక సాంపిల్ గుడ్డముక్క తీసి తెర పక్కన పెట్టాడు. రంగు కుదిరింది. తర్వాత అలవాటు కొద్దీ మాస్కు కిందికి లాగి ఆ ముక్కను వాసన చూశాడు. ఏ గుడ్డ చేతికొచ్చినా అట్లాగే చేసేవాడు. ప్రింటు ఎప్పుడు వేసిందో వాసనను బట్టి చెప్పేవాడు.

“పాత ముక్క తెచ్చిన గదా,” అన్నాడు. “వాసనే లేదు.”

అది ఆ పొద్దున మిల్లు నుంచి వచ్చిన ముక్క. దాని కిరసనాయిలు, జిగురు వాసన నా మాస్కులోంచి నాకు తెలుస్తూనే ఉంది.

“ఇంకోసారి జూడు,” అన్నాను.

కళ్ళు మూసుకుని వాసన చూశాడు. గుడ్డను నలిపి మళ్ళీ చూశాడు. నా ముఖం వైపు చూసి మాస్కు పైకి లాక్కున్నాడు.

“సర్ది అయింది, గంతే.”

తర్వాత వాడు కౌంటరుకు దూరంగా జరిగాడు. గోడకు ఆనుకుని, “కీబోర్డులు రెండు తుడువు భాయ్. నేను ముట్టుకున్న,” అని షాపతనికి చెప్పాడు. అతను మళ్ళీ నవ్వి, బిల్లు రాయడం మొదలుపెట్టాడు.

రెండు ర్యామ్‌లున్నదే తీసుకున్నాం. ఆటోలో వాడు ఆ చివరికి జరిగి, ముఖం బయటికి పెట్టి కూర్చున్నాడు. పెట్టె మా మధ్య ఉంది. సాంచెల సందు దాటుతున్నప్పుడు ఒక్క మగ్గం చప్పుడూ లేదు.

ఇంటికి రాగానే లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. నేను పెట్టెను గుమ్మం దగ్గర దించాను. ఆ చప్పుడు వాడికి వినపడినట్టుంది.

“అక్కా, దాన్ని జర చార్జింగ్ పెట్టు,” అన్నాడు లోపలి నుంచి. “నేను బాగైనంక ముట్టుకుంట.”