తూర్పు కంచె వారన మడి

మెర్ల్ హాకింగ్‌కు అరవై ఒకటో ఏట సొంత తోట దక్కింది. అంతవరకూ ఆమె బతుకంతా గొర్రెల ఉన్ని కత్తిరించే కూలీలకు వండిపెట్టడంలోనే గడిచింది. ఒకే జిల్లాలో ఈ నెల ఒక ఫారం, పై నెల ఇంకొకటి. ఒక మొక్క నాటి, అది పూసేదాకా ఏ ఊళ్ళోనూ ఉన్న పాపాన పోలేదు. నాటడం చేతకాని ఆ మనిషికి పీకడం మాత్రం వెన్నతో పెట్టిన విద్య. ఆ జిల్లాలో కలుపు తీసే జట్టు ఒకటుంది. ఇళ్ళ తోటల్లోంచి తప్పించుకుపోయి అడవి మీద పడ్డ పరాయి మొక్కల్ని శనివారాలు వెళ్ళి పీకేస్తుంటారు. ఇరవై ఏళ్ళుగా మెర్ల్ ఆ జట్టుకు పెద్దదిక్కు. వాళ్ళందరికీ బద్ధశత్రువు పెళ్ళికూతురి తీగ. ఒకప్పుడు పెళ్ళిపూల గుత్తిలో పెట్టిన తీగే ఇప్పుడు ఎర్రపళ్ళు కాసి చెట్ల గొంతు పిసుకుతోంది. ఈకల్లాంటి ఆకులున్న దాని దాయాదులూ అంతే. "పైన తుంపితే ఏం లాభం? దుంపతో సహా తవ్వు," అన్నది మెర్ల్ మూలమంత్రం.

మెర్ల్‌కు ఆ తోట ఉన్న ఇల్లు అమ్మిన డల్సీ ట్రెంబాత్‌కు ఎనభై ఆరేళ్ళు. మెట్లెక్కలేక పోస్టాఫీసు వెనక చిన్న వాటాలోకి మారింది. తాళంచెవి చేతిలో పెడుతూ ఒక్కటే అడిగింది.

"అమ్మాయ్, సెప్టెంబర్‌లో తూర్పు కంచె వారన వచ్చేవి ఓ గుప్పెడు తెచ్చిపెట్టు. పోయిన మా ఆయన రాన్ వేసిన మడి. అవి కంటబడితేనే నాకు చలికాలం పోయినట్టు. అవేంటంటే..."

"చెప్పకండి డల్సీగారూ! మొక్కల సంగతి నాకు చెబుతారా? ఈ జిల్లాలో నాకు తెలియని ఆకు లేదు. తెస్తాను, మాటిస్తున్నా."

డల్సీ ఆమెను ఎగాదిగా చూసింది. "అయితే ఇంక చెప్పేదేముంది," అని ఊరుకుంది.

గుప్పెడు అంటే పూలే అనుకుంది మెర్ల్. భూగోళానికి దక్షిణాన ఉన్న ఆ దేశంలో సెప్టెంబరంటే వసంతం. సెప్టెంబర్‌లో నేలలోని దుంపల్లోంచి తన్నుకొచ్చే పసుపు పూలు ఆ ఊళ్ళో ప్రతి ఇంటా ఉన్నాయి మరి.

చలికాలానికి ముందు, మే నెలలో ఇంట్లో దిగగానే పాత దుప్పటి చింపి పేలికలు చేసింది. ఉంచేవాటికి తెల్ల పేలిక, పీకేవాటికి ఎర్ర సిరా పూసిన పేలిక. తెలియని వాటికి అసలు పేలికే కేటాయించలేదు. జట్టులో కుడిభుజంలాంటి క్లెమ్ వచ్చి చూస్తే, దానిమ్మకూ, ఒక గులాబీకీ తప్ప అన్నిటికీ ఎర్రపేలికలే.

"ఏంటి మెర్ల్ ఇది? నీ తోటలో అంతా పరాయివాళ్ళేనా?"

"అంతా వలసొచ్చినవాళ్ళతో పాటు ఓడెక్కి వచ్చినవే!"

"మీ ముత్తాత ఏం ఈదుకుంటూ వచ్చాడా? ఆయనకీ ఓ పేలిక కట్టకపోయావా!"

"వాగింది చాలు, గునపం అందుకో."

తూర్పు కంచె దగ్గరికి వెళ్ళి మెర్ల్ గునపం నేలకు ఆనించి ఆగింది. నడుమెత్తు పెరిగి, పసుపు తిరిగిన ఈకల ఆకులు, వాటినిండా ఎర్రటి పళ్ళు. ఇరవై ఏళ్ళు అడవిలో వెంటాడిన శత్రువు తన పెరట్లోనే కాపురం పెట్టింది! డల్సీ పూల దుంపలు దీని కింద పడి ఊపిరాడక చస్తున్నాయని ఆమెకు జాలేసింది. ఆ జాలితోనే రెండు రోజులు తవ్వింది. సాలెపురుగు కాళ్ళలా చుట్టూ చాచుకుని, తెల్లగా బలిసిన వేళ్ళ మోడులు పద్నాలుగు బయటపడ్డాయి. పూల దుంప ఒక్కటీ తగల్లేదు. ఇంకా లోతుగా ఉండి ఉంటాయనుకుంది. మోడుల్ని మట్టితో సహా నల్ల సంచుల్లో మూటగట్టి, వేసవి ముదిరాక ఎండలో ఉడకబెట్టి చంపొచ్చని, అందాకా షెడ్డుకు దక్షిణాన, ఎండపొడ తగలని గోడవార పడేసింది.

సెప్టెంబర్ వచ్చింది. ఊరంతా పూసింది. తూర్పు మడి మాత్రం బోడిగా ఉంది. మెర్ల్ పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చుని మట్టిని గోటితో కదిపి చూసేది. రెండో వారంలో బేకరీ దగ్గర డల్సీ ఎదురుపడింది.

"ఇంకా రాలేదా పిల్లా?"

"ఈ ఏడు ఆలస్యమండీ," అంది మెర్ల్. అబద్ధం నోట్లోంచి అంత తేలిగ్గా జారినందుకు ఇంటికొచ్చేదాకా తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

ఆ మర్నాడు సంచుల్ని ఎండలోకి ఈడుస్తుంటే అరచేతికేదో పొడుచుకుంది. సంచి చీల్చుకుని బొటనవేలంత మొలక తల బయటపెట్టింది. విప్పితే లోపల ఇంకో పది, దంతంలా తెల్లగా. ఆ మొనలు ఆమెకు తెలుసు. ముప్పై ఏళ్ళు డబ్బాల మూతలు కోసి, రొట్టెముక్కల్లో చుట్టి కూలీలకు పెట్టినవే. ఆస్పరాగస్, మొలకగా ఉండగానే కోసి తినే కూర; కోయక వదిలేస్తే ఈకల ఆకులేస్తుంది. మన శతావరికీ, అదే పిల్లిపీచరకూ, ఆ పెళ్ళికూతురి తీగకూ చుట్టమే. డబ్బాలో చూసినదాన్ని మట్టిలో చూసి ఎరగదు పాపం. బోర్లించిన బకెట్టు మీద కూలబడి, "రాన్ మడిని చంపేశాను," అని పైకే అనుకుంది.

క్లెమ్ ఉపాయం చెప్పాడు. "కొట్లో ఓ కట్ట కొని ఇచ్చెయ్. ముసలావిడకేం తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుందిగా," అంది మెర్ల్.

సాయంత్రందాకా నడుం విరిగేలా కందకం తవ్వి మోడుల్ని మళ్ళీ పాతింది. పద్నాలుగింట్లో పదకొండు బతికున్నాయి. సంచి లాగినప్పుడు విరిగిన మూడు మొలకల్ని తడిగుడ్డలో చుట్టుకుని డల్సీ ఇంటికి నడిచింది.

"ఇంత తెల్లగా ఉన్నాయేంటి?"

"చీకట్లో మొలిచాయండీ. చెత్తసంచిలో. కలుపనుకుని మడంతా నేనే తవ్వేశాను. మొన్న ఆలస్యమన్నదీ అబద్ధమే." మెర్ల్ తల దించుకునే చెప్పింది.

డల్సీ ఒకటి పటుక్కున విరిచి, పచ్చిదే నోట్లో వేసుకుని నమిలింది.

"తెల్లవి పండించాలని రాన్ ఏళ్ళ తరబడి వెలుతురు తగలకుండా మట్టి ఎగదోశాడే. ఒక్కటీ సరిగా రాలేదు. చెత్తసంచి సంగతి తట్టలేదు పిచ్చి మనిషికి." నవ్వబోయి, చేతిరుమాలుతో కళ్ళొత్తుకుంది. "మళ్ళీ నాటావా?"

"పదకొండు."

"రెండేళ్ళు వాటి మీద కత్తి పెట్టకు. వేళ్ళు నిలదొక్కుకోవాలి."

మెర్ల్ మనసులో లెక్క వేసింది. ఆ లెక్క డల్సీకి ఆమె మొహంలో కనిపించనే కనిపించింది.

"అవును, ఎనభై ఎనిమిది వస్తాయి. ఉంటాలే, ఇప్పుడు నాకో పని పెట్టావుగా," అని మిగిలిన రెండింటినీ తడిగుడ్డలోనే జాగ్రత్తగా చుట్టింది. "ఈసారైనా నన్ను చివరిదాకా చెప్పనిస్తావా?"

మెర్ల్ చేతిసంచిలోంచి నోటుపుస్తకం, పెన్సిలు తీసింది. డల్సీ కళ్ళు మూసుకుని, పాత ఇంటి గేటు దగ్గర మొదలుపెట్టి తోటలోని ఒక్కొక్క మొక్క పేరే చెప్పసాగింది.