మా నాన్నగారిని ఐదో తరగతి చదివించిన వైనం

ఆ రోజుల్లో రాజమండ్రి మెయిన్ రోడ్డులో నా అంత గడుసుగా బేరమాడేవాడు లేడని పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడానికే ఓ చర్చి బడిలో, హెడ్మిస్ట్రెస్ గారి ఎదుట కూర్చుని, తడుముకోకుండా అబద్ధమాడేశాను. అంత తెలివితక్కువ పని మా వీధిలో ఇంకెవరివల్లా అయ్యేది కాదు.

మా అన్నయ్య కూతురికి ఒకటో తరగతిలో సీటు కావాలి. అన్నయ్యకి స్టీలు సామాన్ల కొట్టు వదిలి రావడం కుదరదు (ఇంగ్లీషులో అడుగుతారేమోనని భయం, అది వేరే సంగతి). వదిన పాపకి రెండు జడలేసి నాకు అప్పగించి, సీటు లేకుండా మాత్రం ఇంటికి రావద్దంది. తీరా వెళితే మామూలు సీట్లయిపోయాయి, పాత విద్యార్థుల ఇళ్లవాళ్లకీ ఇంకొందరికీ విడిగా ఉంచినవే మిగిలాయన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

"మా నాన్నగారు ఇక్కడే చదువుకున్నారండి," అన్నాను.

ఆవిడ ముఖం విప్పారింది. బడి చరిత్ర రాస్తున్నారట. పెంకుటింట్లో ఎనిమిదిమంది పిల్లలతో మొదలైన నాటినుంచీ రిజిస్టర్లన్నీ భద్రంగా ఉన్నాయట. ఆయాకి బీరువా తాళం ఇచ్చి అవి తెమ్మన్నారు. ఏ ఏడాది అని అడిగితే, కొట్లో ధర చెప్పినట్టు ఎక్కువ చెప్పి తగ్గించుకుంటూ వచ్చాను. రెండేళ్లు అటూ ఇటూ చూసుకోండమ్మా అని కూడా అన్నాను. ఆవిడ వేలు ఒక్కో పేరు దాటి కిందికి జరుగుతోంది. దొరికిపోతే పాప సీటు గోవిందా. పైగా ఆ చర్చికొచ్చేవాళ్లలో సగంమంది మా దగ్గర గిన్నెలు కొనేవాళ్లే. ఎంతవరకు చదివారని అడిగితే, ఐదు అన్నాను, పీలగా.

అప్పటిదాకా కిటికీ చువ్వలు పట్టుకుని ఊగుతున్న పాప ఇటు తిరిగింది.

"మా తాతయ్య వేలిముద్ర వేస్తారు టీచర్. సిరా నా గౌనుకి తుడిచేస్తారు."

కుర్చీలోంచి లేవాలో, పాపనెత్తుకుని పరిగెత్తాలో తేలలేదు. ఆవిడ రిజిస్టరు మూసి కళ్లజోడు తీశారు.

"ఈ బడి పెట్టిందే అలాంటివాళ్ల ఇళ్లలో పిల్లల కోసమండి. ఇప్పటికీ వాళ్లకని విడిగా సీట్లుంచుతాం. నిజం చెప్పుంటే ఎప్పుడో అయిపోయేది. రేపు ఆయన్నే తీసుకురండి. అప్లికేషన్ మీద ఆయన వేలిముద్రే కావాలి."

పాప ఇంట్లో సంగతంతా చెప్పేసింది కాబోలు, మర్నాడు రిక్షాలో నాన్న, కడిగిన బొటనవేలు చూసుకుంటూ, "ఏరా, నన్ను ఎంతవరకు చదివించావు?" అని అడిగారు. ఐదు దాకా అన్నాను. కాస్త దూరం పోయాక, "పాసయ్యానా?" అన్నారు.

ఆనాటి నా గడుసుతనం తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. నిజాయితీగా లెక్క తేలిస్తే, ఊరికే దొరికే సీటుకి నేను చెల్లించింది ఓ అబద్ధం, చెమటకి తడిసిన చొక్కా, రిక్షాలో నాన్న అడిగిన ఆ మాట. మొదటి రెండూ ఆ వారమే తీరిపోయాయి.