అయ్యగారి జాబితాలో లేని ఇల్లు

డిసెంబరు వచ్చిందంటే మా వీధిలో ఎవరో ఒకరి ఇంట్లో గులాబీ పువ్వులు వేస్తారు. కాగే నూనెలో అచ్చు ముంచిన చప్పుడు, ఆ కమ్మటి వాసన వంటగది కిటికీలోంచి వచ్చేసరికి అందరికీ పండగ గుర్తొస్తుంది. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ముందు మా ఊరి చర్చి సంఘం మీద, ఆ తర్వాత నా మీద. కరుణమ్మగారు గుర్తొస్తారు.

ఆవిడ నిడదవోలు దగ్గర మా ఊరి పాస్టరుగారి భార్య. ఆయన్ని అయ్యగారనీ, ఆవిణ్ణి అమ్మగారనీ పిలిచేవాళ్ళం. నాకు అక్షరాలు దిద్దించిందీ, నలుగురిలో నిలబడి మాట్లాడటం నేర్పిందీ ఆవిడే. తొంభైల్లో సంగతి. మా ఊళ్ళో క్రిస్మస్ ఆరాధన అయ్యాక అయ్యగారు ప్రతి ఇంటికీ వెళ్ళి ప్రార్థన చేసి, ఓ ముద్ద తినాలి. నలభై ఇళ్ళు. ఒక్క ఇల్లు తప్పినా ఆ ఇంటివాళ్ళు ఈస్టరు దాకా మూతి ముడుచుకునేవాళ్ళు. ఆయనకి కడుపులో పుండు ఉందని తెలిసి కూడా పలావు కొసరి కొసరి వడ్డించేవాళ్ళం. పైగా దానికి ప్రేమ అని పేరు! ఆయన భార్యాబిడ్డలు ఆ రోజు ఎవరితో తింటారని ఒక్కరూ అడగలేదు. ఏ ఇంటికి ఎన్నింటికో జాబితా రాసేది నేను. నేనూ అడగలేదు.

ఆ ఏడు వాళ్ళ ఒక్కగానొక్క కూతురు సునీతకి కాకినాడ నర్సింగు హాస్టలువాళ్ళు ఒక్కరోజే సెలవిచ్చారు. పండగనాడే నాలుగు గంటల బస్సుకి తిరిగి వెళ్ళిపోవాలి. నేను జాబితా రాస్తుంటే అమ్మగారు పక్కన కూర్చుని, "అమ్మాయ్, ఒంటిగంటకి మా ఇల్లు కూడా రాయవే," అన్నారు. వేళాకోళం అనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. రాశాను.

సంఘపెద్ద యోబుగారు అది చూసి పకపకా నవ్వారు. "అయ్యగారిల్లు అయ్యగారికెందుకండీ, రోజూ ఉండేదేగా! అది కొట్టేసి మా ఇల్లు వెయ్యమ్మా," అన్నారు.

"రోజూ ఉండేది నేనండి. ఆయనెక్కడున్నారు?" అన్నారు అమ్మగారు.

అయ్యగారు అక్కడే ఉన్నారు. కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. ఊరందరికీ మంచివాడైన మనిషి ఇంట్లోవాళ్ళకి ఏం మిగులుతాడు? నేను మాత్రం తక్కువ తిన్నానా? పెద్దాయన చెప్పారు కదా అని ఆ వరస కొట్టేశాను.

పండగనాడు రెండున్నరైనా అయ్యగారు యోబుగారింట్లోనే ఉన్నారు. తర్వాతి ఇల్లు మాదే కాబట్టి పిలుచుకెళ్ళడానికి నేను గుమ్మంలో నిలబడ్డాను. అప్పుడొచ్చారు అమ్మగారు, చేతిలో క్యారేజీతో. వెనక బ్యాగు పట్టుకుని సునీత. తిన్నగా లోపలికెళ్ళి, కూతుర్ని తండ్రి పక్కన కూర్చోబెట్టి, క్యారేజీ విప్పారు.

"ఇదేంటండీ అమ్మగారూ, మా ఇంట్లో తిండి లేదా?" అన్నారు యోబుగారు, మొహం మాడ్చుకుని.

"మీ ఇంట్లో బోలెడుందండి. మా ఇంట్లోనే మనిషి లేరు. పిల్ల నాన్న పక్కన కూర్చుని తింటానంది. ఆయనెక్కడుంటే అక్కడే తింటుంది. మీరు కాస్త జరగండి."

అయ్యగారు కంచంలోకి చూసి, "రొయ్యల ఇగురా? నీకిష్టమని వండిందా అమ్మ?" అన్నారు.

"మీకిష్టమని వండింది నాన్నగారూ," అంది సునీత.

తినడం అయ్యాక అయ్యగారు కూతురి బ్యాగు అందుకుని, బస్సెక్కించి వస్తానని అమ్మగారితో కలిసి వెళ్ళిపోయారు. మిగిలిన పదకొండు ఇళ్ళకీ ఆ రోజు వెళ్ళలేదు.

పొద్దుటినుంచీ వండిపెట్టుకుని కూర్చున్న మా అమ్మ ఎంత రుసరుసలాడిందో! నాకూ అమ్మగారి మీద పీకల దాకా కోపం వచ్చింది. వారం తిరక్కుండా, అయ్యగారిని బదిలీ చెయ్యమని యోబుగారు పైవాళ్ళకి అర్జీ పెట్టారు. రాసింది నేను. పాస్టరుగారి భార్య సంఘాన్ని అవమానపరిచారని, ఆవిడ నేర్పిన అక్షరాలతోనే ఆవిడ మీద రాశాను. సిగ్గు లేకపోతే సరి.

బదిలీ వచ్చింది. సామాను లారీకెక్కిస్తూ అమ్మగారు నన్ను దగ్గరికి పిలిచారు. పైవాళ్ళు ఆ అర్జీ అయ్యగారికి చూపించారట.

"రాత చక్కగా ఉందమ్మాయ్. ఒక్క తప్పు లేదు," అన్నారు. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. "ఒక్క పూట. ఒక్క పూటకి ఊరు ఊరంతా ఇంత గింజుకోవాలంటావా?" అన్నారంతే.

ఇప్పుడు రాజమండ్రిలో మా పాస్టరుగారు వయసులో చిన్నవారు, ఇద్దరు పసిపిల్లలు. పండగ ముందు ఫోన్ చేసి, "మీ ఇంటికి ఎన్నింటికి రమ్మంటారండీ?" అని అడుగుతారు. "రావద్దండి. ఆ గంట మీ పిల్లలతో భోంచెయ్యండి," అంటాను. మొదటిసారి ఆయన నొచ్చుకున్నారు. పండగపూట ప్రార్థన వద్దంటావా అని మా ఆయన నా మీద ఎగిరారు, నేనూ ఎగిరాను. మా ఇంట్లో ప్రార్థన నేనే చేస్తున్నాను. ఆ ఒక్క గంట కరుణమ్మగారికి దక్కకుండా చేసిన చెయ్యి నాది. ఎన్నేళ్ళు తిరిగిచ్చినా అది వేరేవాళ్ళకే చేరుతోంది.